మగవారి సంతాన సామర్థ్యం: డి విటమిన్ పాత్ర ఎంత?

డి విటమిన్ పేరుకు విటమినే అయినా, పనితీరులో హార్మోను. ఎండ సోకినప్పుడు చర్మంలో తయారై, కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరోసారి మార్పు చెందితే గానీ అది పనిలోకి దిగదు. ఎముకలకు క్యాల్షియం అందడంలో దీని పాత్ర అందరికీ తెలిసిందే. ఈ విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు వృషణాల్లోనూ, శుక్రకణాల్లోనూ ఉన్నాయని డెన్మార్క్ పరిశోధకులు 2010లో చూపించారు. దాంతో సంతానోత్పత్తిలోనూ దీనికి పని ఉండి ఉంటుందన్న ఆలోచన బలపడింది.

శుక్రకణం చురుగ్గా ఈదాలన్నా, అండం పైపొరను ఛేదించాలన్నా దాని లోపల క్యాల్షియం పెరగాలి. ప్రయోగశాలలో చురుకైన డి విటమిన్ కలిపినప్పుడు శుక్రకణాల్లో క్యాల్షియం పెరిగి, కదలిక హెచ్చింది. 2011లో 300 మంది డేనిష్ పురుషులను పరీక్షిస్తే, రక్తంలో ఈ విటమిన్ ఎక్కువున్నవారి శుక్రకణాలు మెరుగ్గా కదులుతున్నట్టు తేలింది. అంతకుముందే ఎలుకల్లో మరో సంగతి బయటపడింది. డి విటమిన్ లోపించిన మగ ఎలుకల సంతాన సామర్థ్యం తగ్గింది గానీ, రక్తంలో క్యాల్షియాన్ని మామూలు స్థాయికి తెస్తే తిరిగి వచ్చింది. అంటే అసలు కీలకం క్యాల్షియం దగ్గరే ఉందన్నమాట.

అయితే డి విటమిన్, శుక్రకణాల కదలిక రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. ఊబకాయం అటు విటమిన్‌నూ ఇటు వీర్యాన్నీ దెబ్బతీయగలదు. సంగతి తేల్చుకోవడానికి డెన్మార్క్‌లోనే సంతానలేమితో బాధపడుతున్న 330 మంది మగవారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మొదట ఒకేసారి 3 లక్షల యూనిట్ల డి విటమిన్, ఆపైన 150 రోజులు రోజుకు 1,400 యూనిట్లు, క్యాల్షియంతో కలిపి ఇచ్చారు. రెండో జట్టుకు మందు లేని మాత్రలు. 2018లో వెలువడిన ఫలితాల్లో వీర్యం నాణ్యతలో తేడా కనిపించలేదు. శుక్రకణాల సంఖ్య తక్కువున్నవారిలో మాత్రం విటమిన్ తీసుకున్నవారికి పిల్లలు ఎక్కువగా పుట్టారు. ఇది ఆశ కలిగించే విషయమే. కానీ చిన్న ఉపవర్గంలో దొరికిన ఫలితాన్ని పట్టుకుని డి విటమిన్‌ను సంతానం కలిగించే మందుగా అమ్మడం అన్యాయం.

ఎండకు కొదవలేని తెలుగు నేలమీదా డి విటమిన్ లోపం ఉంది. తిరుపతి పరిసరాల్లో జరిగిన అధ్యయనాల్లో పల్లెవాసుల్లోనూ ఇది కనిపించింది. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే సాధారణంగా లోపంగా లెక్కిస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్లు కావాలి. మందుల షాపుల్లో దొరికే సాషేలో 60,000 యూనిట్లుంటాయి. డాక్టరు చెప్పకుండా రోజూ వేసుకుంటే రక్తంలో క్యాల్షియం మితిమీరి వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీ సమస్యలు రావచ్చు.

పిల్లలు కలగనప్పుడు మగవారికి ముందుగా కావలసింది వీర్యపరీక్ష. 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి ఇచ్చిన నమూనాను గంటలోపు పరీక్షిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలు, వాటిలో 42 శాతం కదలిక కనీస హద్దులు. కొత్త శుక్రకణాలు తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది గనుక ఏ చికిత్స ఫలితమైనా ఆ తర్వాతే తెలుస్తుంది. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, పరీక్షలన్నీ భార్యకే చేయించి కాలం గడపకుండా భర్త కూడా వెంటనే ఈ పరీక్ష చేయించుకోవాలి.