చలి రాత్రి, మూసిన తలుపులు

తెలుగునాట మన ఇళ్లన్నీ ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టుకున్నవే. గోడ పైభాగాన జాలీ, తలుపు కింద సందు, పైన రేకులు లేదా పలుచని శ్లాబు. ఇవన్నీ ఏప్రిల్, మే నెలల కోసం చేసుకున్న ఏర్పాట్లు. అందుకే డిసెంబరు, జనవరి మాసాలలో ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపునా, లంబసింగి, పాడేరు, అరకు ప్రాంతాలలోనూ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి జారినప్పుడు మనకు ఏమీ పాలుపోదు. ఏడాదికి కొన్ని వారాలే కదా అని సర్దుకుపోతాం. ఆ కొన్ని వారాలలోనే దాదీ మోకాళ్ల నొప్పులు ముదురుతాయి. పసిబిడ్డకు జలుబు పట్టుకుంటుంది. ఫజ్ర్ వేళ వుజూ కోసం కుళాయి తిప్పిన చేతివేళ్లు కొంకర్లు పోతాయి.

ఈ చలికి మన పెద్దలు ఎరిగిన మందు కుంపటి. వాకిట్లోనో, తెరిచిన వసారాలోనో నలుగురూ చుట్టూ కూర్చుని చేతులు కాచుకుంటే దానిని మించిన హాయి లేదు. చిక్కంతా దానిని పడకగదిలోకి తెచ్చి తలుపులు బిగించినప్పుడే మొదలవుతుంది. కట్టెల మంటైతే పొగ వచ్చి కళ్లు మండుతాయి, మనిషి లేచి తలుపు తీస్తాడు. బాగా రాజుకున్న బొగ్గుకు పొగ ఉండదు. పొగ లేదు గనుక ప్రమాదం లేదని నమ్మి నిద్రపోతాం. కానీ ఆ నిప్పుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగటం, ఆ తరువాత మగత. నిద్రలో ఉన్నవారికి ఈ హెచ్చరికలేవీ తెలియవు. ఒకే గదిలో పడుకున్న కుటుంబం మొత్తం తెల్లవారేసరికి విగతజీవులైన వార్తలను మన దేశంలో దాదాపు ప్రతి చలికాలంలోనూ చదువుతూనే ఉన్నాం. గదిలో కుంపటి ఉండి ఎవరికైనా తల తిరిగితే ముందుగా వారిని ఆరుబయటికి తీసుకురావాలి, వెంటనే 108కు ఫోన్ చేయాలి. కుంపటి సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. లేకుంటే దానిని మామూలు నీరసంగా పొరబడే అవకాశముంది.

నిద్రపోయే ముందు ఇంట్లో నిప్పు ఆర్పివేయాలన్న దైవప్రవక్త (సఅసం) ఆదేశం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ మనుషులతో సహా తగలబడిన సందర్భంలో ఆయన ఈ మాట అన్నారు. దీపపు వత్తిని ఎలుక లాక్కెళ్లి ఇల్లు తగలబెట్టగలదన్న హెచ్చరిక కూడా హదీసులలో కనిపిస్తుంది. నేడు వత్తులు లేవు గానీ, బీరువా వెనుక వైర్లు కొరికే ఎలుకలకు కొదువ లేదు. కాబట్టి కుంపటికి బదులు ఎలక్ట్రిక్ హీటర్ తెచ్చుకున్నాం, ఇక రాత్రంతా వెలగనివ్వవచ్చు అనుకోవటానికి వీల్లేదు.

హీటర్ కొనబోయేవారు దుకాణంలో వినే మాటలలో సగం అనవసరం. 2000 వాట్ల హీటర్ ఏ కంపెనీదైనా, ఏ రకానిదైనా ఇచ్చే వేడి ఇంచుమించు ఒక్కటే. తేడా అంతా ఆ వేడి మనకు చేరే పద్ధతిలో ఉంది. ఎర్రగా వెలిగే రాడ్ హీటర్ ఎండలాగా ఎదుట ఉన్న మనిషిని వెంటనే వెచ్చబరుస్తుంది, ఆపగానే చలి తిరిగి వస్తుంది. 400, 800 వాట్లలో చవకగా దొరుకుతుంది. బ్లోయర్ చిన్న గదిని త్వరగా వేడెక్కిస్తుంది గానీ చప్పుడు చేస్తుంది. ఆయిల్ హీటర్ ఖరీదు ఎక్కువ, వేడెక్కటానికి సమయం పడుతుంది. అయితే నిప్పుకణికలా ఎర్రబడే భాగమేదీ బయటికి ఉండదు గనుక చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంటికి మేము దీనికే ఓటు వేస్తాం. అందులోని నూనెను మళ్లీ మళ్లీ పోయవలసిన పని లేదు. ఏదైనా సరే ఐఎస్ఐ గుర్తు, వేడి తగినంత కాగానే తానే ఆగే థర్మోస్టాట్, పక్కకు ఒరిగితే కరెంటు ఆగిపోయే ఏర్పాటు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఎలక్ట్రిక్ హీటర్ గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుందన్నది అపోహ. అక్కడ ఏదీ మండటం లేదు. గాలి పొడిబారినట్లు అనిపించటం మాత్రం నిజమే.

హీటర్ కంటే ముందు గోడలోని ప్లగ్గును చూడాలి. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకే తయారైనది. 16 ఆంపియర్ల పెద్ద పవర్ ప్లగ్గు తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి, ఆ తీగను జానిమాజు కిందుగానో చాప కిందుగానో పోనివ్వటం ఎంతో మంది ఇళ్లలో కనిపించే అలవాటు. వేడెక్కిన తీగ అక్కడే కాలటం మొదలుపెడుతుంది. పరదాలకు, పరుపులకు, ఆరేసిన బట్టలకు హీటర్ కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి.

ఇక బిల్లు సంగతి. 2000 వాట్ల హీటర్ రోజుకు 3 గంటలు ఆగకుండా నడిస్తే 6 యూనిట్లు, నెలకు 180. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుతూ సున్నా బిల్లు పొందుతున్న కుటుంబం ఈ ఒక్క వస్తువుతో ఆ హద్దు దాటిపోతుంది. దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టవలసిందే. అదే 800 వాట్ల రాడ్ హీటర్‌ను దాదీ దగ్గర గంటన్నర పెడితే నెలకు 36 యూనిట్లతో సరిపోతుంది. గదిని కాక మనిషిని వెచ్చబరచటమే మన ఇళ్లకు తగిన పద్ధతి. తలుపు కింద సందుకు పాత దుప్పటి చుట్టి పెట్టటం, నేలపై మందపాటి బొంత పరచటం, రజాయిని పగలు ఎండలో వేయటం వంటి వాటికి ఖర్చేమీ లేదు. పడుకునే ముందు అరగంట హీటర్ వేసి, ఆపివేసి, అందరూ రజాయిల్లో దూరవచ్చు. వేసవి కోసం ఏసీ కొనే ఆలోచన ఎలాగూ ఉన్నవారు వేడినీ ఇచ్చే రకం తీసుకుంటే మంచిది. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది గనుక ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది.

మనిషిని వెచ్చబరచటమంటే ఒంటికి ఆనించటం కాదు. కాశ్మీరులో ఫిరన్ లోపల నిప్పుల కాంగ్డీని పెట్టుకుని ఏళ్ల తరబడి కాచుకున్నవారికి తొడల మీద, పొట్ట మీద చర్మ క్యాన్సర్ రావటం వైద్యులకు 19వ శతాబ్దం నుండే తెలుసు. హీటర్ ముందు రోజూ కాళ్లు చాపుకుని కూర్చునే వృద్ధుల పిక్కల మీద వల అల్లినట్లు గోధుమరంగు చారలు కనిపిస్తే, దానిని దూరంగా జరపమని ఆ చర్మం చెబుతున్నట్లే. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి కాలే సంగతి కూడా తెలియదు గనుక ఇంట్లోవారే కనిపెట్టి ఉండాలి.

వుజూ నీళ్ల విషయానికి వస్తే, ఇబ్బందిలోనూ వుజూను సంపూర్ణంగా చేసినవారికి గొప్ప ప్రతిఫలం ఉందన్న మాట విని కొందరు వేడినీళ్లను దూరం పెడతారు. ఇబ్బందిని కోరి తెచ్చుకోవాలని దాని అర్థం కాదు. నీళ్లు కాచుకోవటం ధర్మసమ్మతమే. భయపడవలసింది బకెట్టులో వేలాడే రాడ్డు గురించి. ఇనుప బకెట్టులో దానిని వేయకూడదు. మీటరు దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు కారిన మరుక్షణమే సరఫరా ఆగిపోతుంది. నీళ్లు కాగాయో లేదో చూడటానికి వేలు ముంచేవారు ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డును బయటికి తీసి, ఆ తరువాతే ముంచాలి.