తెర చూపు రంగు, బొమ్మలోని రంగు

గడచిన వేసవి సెలవులలో మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన తాతగారి పాత ఛాయాపటమును నాయొద్దకు తెచ్చెను. మూడంగుళముల వెడల్పు, నాలుగంగుళముల పొడవు గల నలుపు తెలుపు పటము. కాగితము పసుపువాఱి, ముఖమును తలపాగాయు నొక్కటిగా కలిసిపోయి యుండెను. తాతగారు గతించిరి, ఇంట మఱియొక పటము లేదు. దానిని కంప్యూటరుమీద బాగుచేసి, పెద్దదిగా అచ్చువేయించి యిచ్చెదనని మాట యిచ్చితిని.

ఆ రాత్రియే గదిలో దీపమార్పి, తెర వెలుగు పూర్తిగా పెంచి, పని ముగించితిని. తెరమీద పటమునకు జీవము వచ్చినట్లుండెను. మఱునాడు అచ్చయి వచ్చినదానిని చూడగా ముఖము బొగ్గువలె నున్నది. అంతట బొమ్మలోని వెలుగును పెంచి రెండవమాఱు వేయించితిని. విద్యార్థి దానిని తన నాయనమ్మగారికి చూపగా, ఆమె కొంతసేపు పరికించి, "ఇదెవరురా? మీ తాతకు నుదుటిమీద గాటుండాలి గదా!" అనెనట. నేను పెంచిన వెలుగులో ఆ గాటు మాయమైనది.

ఈ రెండు తప్పులును నావే. అచ్చువేసినవారి లోపమేమియు లేదు. చూపును మార్చు పనిముట్లు వేఱు, బొమ్మనే మార్చు పనిముట్లు వేఱు. ఈ భేద మెఱిగియు మఱచితిని. ఛాయాపటములు దిద్దవలెనను ఉత్సాహము మన విద్యార్థులలో చాలమందికి గలదు గనుక ఈ సంగతి నించుక విపులముగా వ్రాయుచున్నాను.

నేను వాడినది గింప్ అను సాఫ్టువేరు. 1995లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదువుచుండిన స్పెన్సరు కింబాల్, పీటరు మాటిస్ అను నిద్దఱు విద్యార్థులు దీనిని మొదలుపెట్టిరి. వెల లేకుండ ఎవరైనను తెచ్చుకొనవచ్చును. 1990లో వెలువడిన ఫోటోషాపునకు వెల చెల్లింపవలెను. అందును ఇంచుమించు ఈ పనిముట్లే యున్నవి.

కంప్యూటరునకు బొమ్మ యనగా అంకెల పట్టిక. మా స్కానరు అంగుళమునకు 600 చుక్కల లెక్కను చదువగా, ఆ చిన్న పటము అడ్డముగా 1,800, నిలువుగా 2,400, వెరసి 43,20,000 చుక్కలైనది. ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పాళ్లుండును. ఒక్కొక్క పాలు 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. మూడును 0 అయినచో నలుపు, మూడును 255 అయినచో తెలుపు, నడుమ సమానముగా నున్నచో బూడిదరంగు. ఈ లెక్కను 1,67,77,216 రంగులు పుట్టును.

మొదట వ్యూ అను మెనూలోని వానిని చెప్పెదను. జూము బొమ్మను పెద్దదిగా చూపును గాని పెద్దదిగా చేయదు. నూటికి నూఱు వంతుల జూములో బొమ్మలోని యొక చుక్కకు తెరమీద నొక చుక్క వచ్చును. సన్నని గీతలు, మచ్చలు అప్పుడే ఉన్నవి ఉన్నట్లు కనబడును. డిస్‌ప్లే ఫిల్టర్లనునవియు చూపునకు సంబంధించినవే. అందొకటి, ఎరుపు ఆకుపచ్చల భేదము సరిగా తెలియనివారికి బొమ్మ యెట్లు కనబడునో మనకు చూపును. సైన్సు ప్రదర్శనమునకు పటములు గీయు బాలబాలికలు దీనితో నొకమాఱు సరిచూచుకొందురుగాక. బొమ్మలోని అంకె యొక్కటియు మారదు.

తెర వెలుగును పెంచినను తగ్గించినను అంతే. నా మొదటి తప్పిదమిచటనే. చీకటి గదిలో పూర్తి వెలుగుతో నున్న తెర, బొమ్మలో లేని వెలుగును నాకు చూపెను. కాగితమునకు స్వంత వెలుగు లేదు; దానిమీద పడిన వెలుగునే అది తిరిగి యిచ్చును. కావున ఇప్పుడు పనికి ముందు తెరప్రక్క నొక తెల్లకాగిత ముంచి, తెరమీది తెలుపు దానికి సరిపోవునంతవఱకు వెలుగును తగ్గించుచున్నాను.

తెర సరియైనను కన్ను మోసపోవును. 1995లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునందలి ఎడ్వర్డు అడెల్సన్ ఒక చిత్రము చేసెను. చదరంగపు పలకమీద నొక స్తంభము నీడ పడుచుండును. నీడలోని తెల్లగడియు వెలుపలి నల్లగడియు మనకు వేఱువేఱు రంగులుగా తోచును. కలర్ పికరుతో చూచినచో రెంటికిని అంకె లొక్కటే! మా తరగతిలో చూపగా, మిగిలిన గళ్లను కాగితముతో కప్పి చూపువఱకు ఒక్కరును నమ్మలేదు.

అందువలన హిస్టోగ్రామును చూడవలెను. ఏ వెలుగు గల చుక్కలు ఎన్ని యున్నవో అది కొండల వరుసవలె చూపును. ఎడమకొస 0, కుడికొస 255. వెలిసిన పటములలో కొండయంతయు నడుమనే గుమిగూడును. మా పటమున నది 70కిని 190కిని మధ్య నుండెను. లెవెల్సు అను పనిముట్టులో ఎడమ త్రికోణమును 70 కడకు, కుడి త్రికోణమును 190 కడకు జరిపినచో, 70 నలుపై, 190 తెలుపై, నడుమనున్నవి దూరదూరముగా పఱచుకొనును. కొసలను కదల్పక నడిమి వెలుగును మాత్రము మార్చుటకు మధ్య త్రికోణ మున్నది. నల్లబడిన ముఖమునకు కావలసినది అదియే. నేనో, తొందరలో కుడి త్రికోణమును 150 వఱకు లాగితిని. నుదుటి చర్మము 155, దానిమీది గాటు 165. 150 దాటిన వన్నియు 255 అయినవి. రెండంకెల భేదమే ఆ గాటు. భేదము పోగా గాటు పోయెను. పైగా దానిని మూలప్రతిమీదనే భద్రపఱచితిని గనుక తిరిగి స్కాను చేయవలసివచ్చెను. 2025లో వచ్చిన గింప్ 3.0లో పెక్కు ఫిల్టర్లను బొమ్మకు విడిగా నుంచి తరువాత దిద్దుకొను వసతి గలదు. ఐనను మూలప్రతి నొకచోట దాచియే పని మొదలుపెట్టుడు.

ఆటో అని యొక మీట గలదు. అది ఒక్కొక్క రంగుపాలును రెండు కొసలకు సాగదీయును. ఎదుటనున్నది ఎవరి ముఖమో దానికి తెలియదు. చామనచాయ ముఖమును తెల్లపఱచుట దిద్దుట గాదని నా యభిప్రాయము.

ఇక పసుపు. వెలుగు రంగులలో పసుపునకు ఎదురు నీలము. తెల్లబట్టల పసుపుచాయ పోవుటకు నీలిమందు పెట్టుట మన యిండ్ల నెఱిగినదే. రంగు ఛాయాపటము పసుపువాఱినప్పుడు లెవెల్సులో నీలపు పాలునే యెన్నుకొని కొంచెము పెంచవలెను. మితిమీరినచో పంచెవలెనే పటమును నీలమగును. మాది నలుపు తెలుపు పటము గనుక వేఱు ఉపాయము చేసితిని. పసుపు మరక నీలపు పాలులో నల్లగా కనబడును. ఎరుపు పాలులో దాదాపు కనబడనే కనబడదు. మోనో మిక్సరుతో ఎరుపు పాలును మాత్రము తీసికొనగా బుగ్గమీది మరక మాయమయ్యెను, గాటు నిలిచెను.

అంగుళమునకు 300 చుక్కల లెక్కను ఆరంగుళముల వెడల్పు, ఎనిమిదంగుళముల పొడవుతో మూడవమాఱు అచ్చువేయించితిని. ఈమాఱు నేనే తీసికొనిపోయితిని. నాయనమ్మగారు దానిని చేతికందినంత దూరము పట్టుకొని చూచి, నుదుటిమీద వ్రేలుంచి, "ఆఁ, ఇదీ ఆయన" అనిరి. తరువాత, "తలపాగా మాత్రం ఎర్రటిదయ్యా" అనిరి. పాత పటములకు రంగులు వేయు సాఫ్టువేర్లు ఈ కాలమున గలవు. అవి ఊహించి వేయును. ఆ తలపాగా యెరుపని మా పటములోని నలుబదిమూడు లక్షల చుక్కలలో నెందును లేదు. ఆమె చెప్పిన మాటను పటము వెనుక పెన్సిలుతో వ్రాసి యిచ్చి వచ్చితిని.