ఆట చేతిలో.. మత్తు నోట్లో..

* నిద్రను మింగేస్తున్న జంట వ్యసనాలు
* రెండూ కలిపి వదిలిస్తేనే ఫలితం

తిరుత్తణి: రాత్రి పన్నెండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఓ మూల దుప్పటి కింద ఫోను వెలుగు. పక్కన ఎనర్జీ డ్రింకు డబ్బా. పెదవి లోపల పొగాకు పొట్లం. 'మావాడు బయట తిరగడు. ఇంటిపట్టునే ఉంటాడు' అని అమ్మానాన్నల ధీమా. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఒకదాని వెంట ఇంకొకటి..

జట్టుగా ఆడే ఆన్‌లైన్ ఆటల్లో మధ్యలో లేస్తే జట్టు దెబ్బతింటుంది. అందుకే నిద్ర ఆపుకోవాలి. మొదట టీ, కాఫీ. తర్వాత ఎనర్జీ డ్రింకు. ఆపై సిగరెట్టో, హాన్సో, కూల్‌లిప్పో. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పదకొండింటికి తాగితే తెల్లవారుజామున నాలుగింటికీ సగం లోపలే ఉంటుంది. ఈ డ్రింకులు పిల్లలకు తగవని డబ్బా మీదే రాసి ఉంటుంది. చదివేదెవరు? నికోటిన్ అయితే రెండు గంటల్లోనే సగమవుతుంది. దాంతో చెయ్యి మళ్లీ పొట్లం వైపు పోతుంది. తెల్లారి ఆట ఆపినా నిద్ర రాదు. నిద్ర కోసమని కొందరు మందు, గంజాయి దాకా వెళ్తారు. మర్నాడు ఆ మత్తు వదిలించుకోడానికి మళ్లీ కెఫీనే. చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

డబ్బు పెట్టి ఆడేవాళ్ల గతి మరీ ఘోరం. మందు తాగితే ముందూవెనకా ఆలోచన ఉండదు. పోయింది రాబట్టాలన్న కసి మాత్రం పెరుగుతుంది.

గీత దాటితే ఇంకో రూలు!

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీత మారినా బంధుత్వాలు మారలేదు. రూళ్లు మాత్రం వేరయ్యాయి. ఆన్‌లైన్ పేకాటను ఆంధ్ర 2020లో నిషేధించింది. తమిళనాడు నిషేధాన్ని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. దాంతో నగరిలో కుదరని ఆట పొన్పాడి దాటితే కుదిరేది. 2023లో తమిళనాడు మళ్లీ చట్టం తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో డబ్బాటలకు రాత్రి 12 నుంచి 5 దాకా తాళం వేసింది. ఆ నిబంధనను జూన్‌లో హైకోర్టు సమర్థించింది. చెడేది రాత్రిపూటేనని సర్కారుకూ అర్థమైందన్నమాట. ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి డబ్బాటల నిషేధ చట్టం చేసింది.

పందెం లేని ఆటలకు మాత్రం ఆ తాళం లేదు. నమిలే పొగాకుకు తమిళనాడులో 2013లోనే నిషేధం వచ్చింది. అయినా బడిపిల్లలకు కూల్‌లిప్ దొరుకుతోందని 2024లో హైకోర్టు మదురై ధర్మాసనం ఆందోళన వ్యక్తం చేయాల్సి వచ్చింది.

ఇలా గుర్తించండి

ఆట మీద అదుపు తప్పడం, తిండి, చదువు, పని అన్నీ దాని తర్వాతే కావడం, నష్టం తెలిసీ ఆపలేకపోవడం.. ఇవి ఏడాదిపాటు సాగితే జబ్బు కిందే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. దీనికితోడు చిగుళ్ల దగ్గర తెల్లమచ్చలు, పగలంతా నిద్ర, చిల్లర డబ్బులు మాయం కావడం కనిపిస్తే పొగాకు సంగతీ అడగాల్సిందే.

ఏం చేయాలి?

పొదటూరుపేట, పళ్లిపట్టు వైపు మరమగ్గాల మీద బతికే ఇళ్లలో రాత్రి షిఫ్టుకు వెళ్లే పెద్దలు కాపలా కాయలేరు. కనీసం పడుకునేముందు అందరి ఫోన్లూ ఒకేచోట ఛార్జింగు పెట్టే అలవాటు చేయొచ్చు. పెద్దల ఫోన్లు కూడా అక్కడే ఉండాలి. కొట్టి ఫోను లాక్కుంటే చాటుమాటు పెరుగుతుందే తప్ప అలవాటు పోదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే రెండూ చెప్పాలి. చాలామంది ఆట సంగతి చెప్పి మత్తు సంగతి దాస్తారు. పరువు పోతుందని, కేసవుతుందని భయం. సొంతానికి వాడిన వ్యక్తి తనంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ ఉంది. మాదకద్రవ్యాల చట్టం 64-ఏ సెక్షన్ చెప్పేది అదే. చికిత్స మాత్రం మధ్యలో మానకూడదు.

తమిళం సరిగా రాకపోయినా ఫర్వాలేదు. 14416 టెలిమానస్‌కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు మాన్పించే సలహాకు 14446 ఉంది. రెండూ ఉచితమే.

ఈ రాత్రి ఒక్కసారి పిల్లాడి గదిలోకి తొంగిచూడండి. తిట్టడానికి కాదు.. నిద్రపోయాడో లేదో చూడ్డానికి.