మెరుపు వెనుక కణితి

పెంపుడు గెకో ఒంటి మీద లేచిన ప్రతి గడ్డా కణితి కాదు. బల్లి జాతుల్లో చీము మనలో లాగా కారదు, చర్మం కింద గట్టిపడి ముద్ద కడుతుంది. బాగా మేపిన లెపర్డ్ గెకో చంకల్లో బుడగలు తేలడం మామూలే. డే గెకోల మెడకు అటూ ఇటూ ఉబ్బి కనిపించేవి సున్నం నిల్వ చేసుకునే సంచులు. అందుకే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడనిదే ఏదీ తేల్చలేం. అయితే లెపర్డ్ గెకోల్లో ఒక రకానికి కణితి రావడం దురదృష్టం కాదు. దాన్ని ఏ అందం కోసం కొంటున్నారో ఆ అందంలోనే జబ్బు ఉంది.

ఆ రకం పేరు లెమన్ ఫ్రాస్ట్. లెపర్డ్ గెకో సొంతూరు అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతం. దాని దగ్గరి చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనూ తిరుగుతుంది. గత దశాబ్దంలో అమెరికా పెంపకందారుల దగ్గర పుట్టిన లెమన్ ఫ్రాస్ట్‌కు తెల్లని ఒళ్లు, దాని మీద నిమ్మపండు పసుపు. ఆ తెలుపు రంగు పూత కాదు. ఇరిడోఫోర్ అనే చర్మకణాల్లో గ్వానిన్ స్ఫటికాలు ఉంటాయి, వాటి మీద పడ్డ వెలుగు వెనక్కి తిరుగుతుంది. చేప పొలుసు తళతళలాడేదీ గ్వానిన్ వల్లనే. లెమన్ ఫ్రాస్ట్‌లో ఈ కణాలు అతిగా పెరుగుతాయి. పెరుగుదల హద్దులో ఉన్నంతవరకు తెలుపు, హద్దు దాటితే కణితి. పొట్ట మీది చర్మంలో దట్టమైన తెల్లని మచ్చలుగా మొదలై కొన్నిటిలో కాలేయం దాకా పాకుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో లోంగ్‌హువా గువో, లియొనిడ్ క్రుగ్ల్యాక్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మార్పు జాడను స్పింట్1 అనే జన్యువు ఉన్న చోట పట్టుకుంది. ఎలుకల్లోనూ జీబ్రాఫిష్‌లోనూ ఈ జన్యువు చెడితే చర్మకణాలు అదుపు తప్పుతాయని అంతకుముందే తెలుసు. కాబట్టి ఈ జన్యువు మీద అనుమానం బలమైనదే. మారిన జన్యువు ఒక్క ప్రతి ఉన్నా ఈ వన్నె వస్తుంది, రెండు ప్రతులూ మారినవే అయితే చర్మమే మందమెక్కుతుంది.

ఒక్క ప్రతి ఉన్నవాటిలో కణితి వచ్చేవి 80 శాతానికి పైనే. మిగిలినవి ఆరోగ్యంగానే ఉన్నాయి కదా, వాటిని జతకడితే సరిపోదా అంటారు పెంపకందారులు. సరిపోదు. కణితి రాని తల్లి కూడా పిల్లల్లో సగానికి అదే జన్యువును అందిస్తుంది, పైగా ఈ కణితి గుడ్డు నుంచి బయటపడ్డ రోజున కనిపించదు, పిల్ల అమ్ముడుపోయాక బయటపడవచ్చు. ఇంకొందరు రంగుదీ జబ్బుదీ వేర్వేరు జన్యువులేమో, పక్కపక్కన ఉండి కలిసి వస్తున్నాయేమో, తరాల తరబడి వేరే వంశాలతో కలిపితే విడిపోతాయేమో అన్నారు. ఆశ సబబైనదే. కానీ తెలుపునిచ్చే కణమే కణితిగా మారుతున్నప్పుడు, దేన్నుంచి దేన్ని విడదీస్తాం? రంగురంగుల గెకోలన్నీ మనిషి ఎంచి పెంచినవే, దీన్నొక్కదాన్నే ఎందుకు తప్పుపట్టాలనే ప్రశ్నకూ జవాబుంది. ఆల్బినో గెకో నల్లని వర్ణకాన్ని తయారుచేయలేకపోతుంది, అంతేగాని దాని కణాలు లెక్క తప్పి పెరగవు. ఎనిగ్మా రకంలో మాత్రం తల వంకరపోయి గుండ్రంగా తిరిగే నరాల లోపం ఉంది, దాన్నీ వదిలేయమనే చెప్పాలి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద పరిశోధనకు లెమన్ ఫ్రాస్ట్ పనికొస్తుందన్నది నిజం. అది ప్రయోగశాల పని, దానికి అద్దాలపెట్టెల బజారు అక్కర్లేదు.

గెకో కొనదలచినవారు లెమన్ ఫ్రాస్ట్ జోలికి పోకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే జత కట్టించకుండా, అప్పుడప్పుడూ దాని పొట్ట చూస్తూ, తెల్లని దద్దు లేచిన వెంటనే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించండి.