ప్రతినాయకుడెవ్వడు?

నాయకుని గొప్పతనము ప్రతినాయకుని బలమునుబట్టియే తేలును. కడప జిల్లాలో జన్మించిన బి. నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో గూడి 1951లో వెలువరించిన ‘పాతాళభైరవి’ యిందుకు నిదర్శనము. తోటమాలి కొడుకగు రాముడు మహామాంత్రికుని జయించెను. సాహసవంతుని బలియిచ్చి శక్తిని పొందగోరుటయే యా మాంత్రికుని దోషము. అట్టి పేరాస యే సీమవానికైనను కలుగవచ్చును.

అర్ధశతాబ్దము గడచునప్పటికి తీరు మారినది. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చెను. 2003లో ‘ఒక్కడు’ కర్నూలు కొండారెడ్డి బురుజుచెంత ప్రతినాయకుని నిలిపెను. వేటకొడవలియు నాటుబాంబును రాయలసీమ లక్షణములని లోకము నమ్మసాగెను.

ఇచ్చట కక్షలు లేవని మేమనము. కాని కొందరి నేరమును నేలకంతకు నంటగట్టుట న్యాయమా? వానలేక చేనెండి వలసపోవు రైతునకు శత్రువు కరవే. దానితో పోరాడు సామాన్యుని నాయకునిగా తెరపై నిలుపువారేరీ?