ఎల్లారెడ్డి: మనకు 4 అక్షరాలు, కంప్యూటర్‌కు 11

కామారెడ్డి, ఎల్లారెడ్డి. ఏ బడిపిల్లను అడిగినా రెండూ నాలుగేసి అక్షరాల పేర్లనే చెబుతుంది. కంప్యూటర్‌లో అక్షరాలకు వాడే యూనికోడ్ లెక్క వేరు. హల్లు, గుణింతం, ఒత్తు కలిపే పొల్లు అన్నీ దానికి విడివిడి సంకేతాలు. ‘డ్డి’ ఒక్కటే 4: డ, పొల్లు, డ, గుడి. ఆ లెక్కన కామారెడ్డి 10, ఎల్లారెడ్డి 11. ‘యెల్లారెడ్డి’ అని రాస్తే 12.

ఒక్క సంకేతమే కదా అనుకోవద్దు. ‘ఎ’తో వెతికితే ‘యె’తో రాసిన కాగితం దొరకదు. పైగా సిరిసిల్ల వైపున్న ఎల్లారెడ్డిపేట, హైదరాబాద్‌లోని ఎల్లారెడ్డిగూడ కూడా జాబితాలోకి వచ్చేస్తాయి. ఇంకో చిక్కు: కామారెడ్డి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. అంతకు ముందటి కాగితాల్లో కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ నిజామాబాద్ జిల్లా ఊళ్లే.

ఇలాంటి చిక్కులు విప్పి భాష, చరిత్ర, కళలను కంప్యూటర్ సాయంతో చదవడమే డిజిటల్ హ్యుమానిటీస్.

30 ఏళ్లు, 56 సంపుటాలు

డిజిటల్ హ్యుమానిటీస్‌కు ఆద్యుడిగా చెప్పుకునే ఇటలీ మతగురువు రోబెర్తో బూసా 1949లో ఐబీఎం సాయం కోరాడు. క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ రచనల్లోని దాదాపు 1.1 కోట్ల పదాలకు సూచిక తయారుచేయడానికి 30 ఏళ్లు పట్టింది. అచ్చులో అది 56 సంపుటాలు. ఆయన పేరిట 1998 నుంచి అంతర్జాతీయ పురస్కారం ఉంది. విద్యార్థుల ప్రాజెక్టులకు ఏటా బహుమతులిచ్చే విశ్వవిద్యాలయాలూ విదేశాల్లో ఉన్నాయి.

మన దగ్గర సరుకు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. కామారెడ్డి జిల్లా వరకే చూసినా సరుకుకు లోటు లేదు. దోమకొండ గడి పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. మంజీరపై నిజాంసాగర్‌ను 1923–31 మధ్య కట్టారు. ఆ నీళ్ల కింద మునిగిన ఊళ్ల జ్ఞాపకాలు, బతుకమ్మ పాటలు, బీడీలు చుట్టే అమ్మల కథలు ఇంకా నోళ్లలోనే ఉన్నాయి.

వాటిని దక్కించుకోవడానికి ఎంత పని పడుతుంది? గంట మాటను రాతలో పెట్టడానికి నాలుగు గంటలు వేసుకుందాం. పది మంది విద్యార్థులు తలా 2 గంటలు రికార్డు చేస్తే 20 గంటల మాట, 80 గంటల రాత. అంటే ఒక్కొక్కరికి 8 గంటలు. ఒక సెమిస్టర్‌లో హాయిగా అయిపోయే పని. కావాల్సింది ఒక ఫోను, ఓపిక, చెప్పేవారి అనుమతి.

బహుమతి దేనికివ్వాలి?

2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి డిచ్‌పల్లిలో ప్రధాన ప్రాంగణం, భిక్కనూరులో సౌత్ క్యాంపస్ ఉన్నాయి. విద్యార్థుల ప్రాజెక్టులకు పురస్కారం మొదలుపెట్టడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. హంగుల వెబ్‌సైటుకు కాకుండా మూడు ప్రశ్నలకు జవాబున్న ప్రాజెక్టుకు బహుమతి ఇవ్వాలి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చెప్పారో రాశారా? చెప్పినవారు ఒప్పుకున్నారా? ఊరి పేరు ఎన్ని రకాలుగా రాసినా దొరుకుతుందా?

విద్యార్థులు పురస్కారం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మమ్మ పక్కన కూర్చోండి. ఆమె మాటను ఒక గంట రికార్డు చేయండి. తేదీ, ఊరు రాసి పెట్టండి.