బడి విడిచిన తరువాత మన పిల్లలు

సాయంత్రము బడి గంట కొట్టినది మొదలు రాత్రి భోజనము వేళ వరకు మూడు నాలుగు గంటల కాలము కలదు. షోలాపురములోగాని, భివండీలోగాని మన వాడలలో తిరిగి చూచినవారికి ఆ కాలములో మన పిల్లలు ఎక్కడ ఉందురో వేరుగా చెప్పనక్కరలేదు. కొందరు సాంచాల రొదలో తండ్రికి కండెలందించుచుందురు. ఆడపిల్లలు కొందరు తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలకు దారము చుట్టుచుందురు. మిగిలినవారు వీథి మొగలో పాన్ దుకాణము వద్ద నిలిచి వచ్చేపోయేవారిని చూచుచుందురు. ఈ మూడవ తెగవారిని గూర్చియే పెద్దలు మొత్తుకొందురు. మొదటి రెండు తెగలను గూర్చి ఎవరును నోరెత్తరు. ఆ పని మన యింటికే అక్కరకు వచ్చుచున్నది కదా!

1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించినారు. పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని అందులో ఉన్నది. అయితే బడి వేళలు దాటిన తరువాతను, సెలవులలోను, అపాయము లేని కుటుంబ వృత్తిలో తల్లిదండ్రులకు సాయపడవచ్చునని ఒక వెసులుబాటు కూడ ఇచ్చినారు. పిల్లల సాయము మన యిండ్లకు ఎంత అవసరమో నాకు తెలియకపోలేదు. కాని బడి విడిచిన తరువాతి ఆ గంటలే పిల్లవానికి కాలుసేతులు సాగదీయుటకు మిగిలిన గంటలు. రెండింటికిని ఒకే కాలము సరిపోదు.

ఈ విషయమున మనకు దగ్గరగానే ఒక పాత ఉదాహరణము ఉన్నది. బొంబాయిలో కామాఠిపురా పేరు వినని తెలుగువారుండరు. నైజాము రాజ్యమునుండి కూలికై వెళ్ళి ఆ నగరపు మేడలకు రాళ్ళు మోసిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచినది. తరువాతి కాలమున ఆ పేటకు వచ్చిన అపకీర్తిని మాత్రమే లోకము జ్ఞాపకముంచుకొన్నది. అది మన దురదృష్టము. దానిని ఆనుకొనియే నాగపాడా ఉన్నది. 1925లో అమెరికానుండి వచ్చిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను ఆయన, అమెరికన్ మరాఠీ మిషను పక్షమున, 1926లో అక్కడ నాగపాడా నైబర్‌హుడ్ హౌస్ అను సంస్థను స్థాపించినాడు. లండనులో 1884లో వెలసిన టాయిన్‌బీ హాలు, చికాగోలో 1889లో వెలసిన హల్ హౌస్ మొదలగువాటి త్రోవనే ఇదియు నడచినది. బీదల పేటకు బయటనుండి దానము పంపుటకన్న, ఆ పేట నడుమనే కాపురముండి పొరుగువానివలె మెలగవలెనన్నది ఆ పద్ధతి. చదువుకొనుటకు ఒక గది, ఉపన్యాసములు, పిల్లలకు ఆటలు, అన్నియు ఒకే కప్పు క్రింద జరిగినవి.

అక్కడ వేళ్ళూనిన ఆట బాస్కెట్‌బాలు. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున విద్యార్థులు లోపలనే ఆడుకొనుటకై గోడకు పండ్లబుట్టలు కట్టి కల్పించిన ఆట ఇది. ఇరుకు పేటకు ఇంతకన్న తగిన ఆట లేదు. క్రికెట్టుకు మైదానము కావలెను. దీనికి 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చాలును, పదిమంది ఆడవచ్చును. ఒక బంతి ఏండ్ల తరబడి వచ్చును. నాగపాడా సందులలో పెరిగిన అబ్బాస్ మున్‌తసిర్ ఈ ఆటలోనే భారత జట్టుకు నాయకుడై 1970లో అర్జున బహుమానము పొందినాడు.

ఇంకొక సంగతి. 1936లో మన దేశములో సాంఘిక సేవాశిక్షణకు మొట్టమొదటి కళాశాల, సర్ దొరాబ్జీ టాటా పేర, ఆ భవనములోనే మొదలైనది. మాన్‌షార్టే దానికి తొలి సంచాలకుడు. నేడు టాటా సామాజిక శాస్త్రముల సంస్థ అని పేరు వహించినది అదే. పిల్లలు బంతి ఎగురవేసిన చోటనే పెద్దలు సమాజ శాస్త్రము చదివినారన్నమాట.

బొంబాయి మిల్లు పేటలలో కబడ్డీ సంఘములు, వ్యాయామశాలలు చాళ్ళకు ప్రాణముగా ఉండేవి. వర్లీ, పరేలు ప్రాంతముల మన నేతపనివారి బిడ్డలును వాటిలో ఆడినవారే. 1982 జనవరిలో సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు పనివారు సమ్మె చేసినారు. ఆ సమ్మె తరువాత అనేక మిల్లులు తిరిగి మునుపటివలె నడువలేదు. తండ్రికి పని పోయిన యింట కొడుకు సాయంత్రములు ఎట్లు గడచినవో ఆనాటివారు చెప్పగలరు. మిల్లు పోయినచోట వ్యాయామశాల తలుపు తెరచియున్నదా లేదా అన్నది చిన్న విషయము కాదు.

1999లో అదే నగరమున మాథ్యూ స్పేసీ అను ఆటగాడు మ్యాజిక్ బస్ సంస్థను ఆరంభించినాడు. ఆ పేటలోని యువకులనే తయారుచేసి, వారిచేతనే చిన్నవారికి ఆటద్వారా ఆరోగ్యము, చదువు గూర్చి చెప్పించుట వారి పద్ధతి. మగపిల్లలను ఆడపిల్లలను కలిపియే ఆడింతురు. మనలో దీనికి మొగము ముడుచుకొనువారు కలరు. అట్టివారు 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ పోటీని జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. మన పురుషుల జట్టును గెలిచినది, స్త్రీల జట్టును గెలిచినది. రెండు జట్ల నాయకులును మహారాష్ట్రవారే. ఖోఖోకు కావలసినది రెండు కర్రలు, కాస్త మెత్తని నేల.

ఇట్లు చెప్పగా ఒక పెద్దమనిషి నాతో, “ఆడితె కడుపు నిండుతదా అన్నా? కండెలు నువ్వొచ్చి సుడతవా?” అన్నాడు. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. నాలుగు సాంచాల మీద సంసారము నడుపు మనిషికి పిల్లవాని గంట పని కూడ లెక్కలోనిదే. నేను ఆయనను అడిగినది ఒక్క గంట మాత్రమే. అదియు వారమునకు మూడు దినములు. ఆట ముగియగానే అరగంట పాఠములు చూచుకొందురన్నాను. ఆయన ఒప్పుకొనలేదు, కాదనియు అనలేదు. కూతురి సంగతి ఎత్తగా మాత్రము లేచి వెళ్ళిపోయినాడు. బీడీ పని అపాయకరమైన పనులలో చేరినదే, దానికి పై వెసులుబాటు వర్తింపదు. ఈ మాట మన యిండ్లలో చెప్పుట ఎంత కష్టమో చెప్పి చూచినవారికి తెలియును.

స్థలము లేదనుట మాత్రము నేను ఒప్పుకొనను. మన కులస్థులున్న ప్రతి ఊరను ఒక సంఘ భవనమో, మార్కండేయస్వామి గుడి ముంగిలియో ఉన్నది. నా చిన్నతనమున మా వాడలోని అట్టి ఒక ముంగిట గోడకు ఇనుప వలయము బిగింపుమని పిల్లలము అర్జీ పెట్టుకొన్నాము. సున్నము రాలునని కార్యవర్గము వారు త్రోసిపుచ్చినారు. ఆ గోడ సున్నము తరువాత తనంతట తానే రాలినది. నేడును పెండ్లిండ్లు లేని దినములలో అట్టి ముంగిళ్ళకు తాళమే పడుచున్నది.

కావలసిన సామగ్రి ఒక బంతి, పదడుగుల ఎత్తున ఒక వలయము, ఖోఖోకు రెండు కర్రలు, ఒక దీపము. నేర్పుటకు డ్రిల్లు మాష్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు మనలోనే ఉన్నారు, వారికి రిక్షా ఖర్చైనను ఇయ్యవలెను. రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ సంగతి చర్చకు పెట్టుదురని ఆశించుచున్నాను. పెండ్లి లేని దినములలో ముంగిలి తాళపుచెవి ఎవరి దగ్గర ఉండవలెనో ముందుగా తేలవలెను.